క్యాంపస్‌లో రెండేళ్లు చదివితే మనిషి లక్ష్యాలు నిజంగా మారతాయా? పీజీ సీటు వచ్చిన అమ్మాయికి నా సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇదీ: చిన్న ఊళ్లో బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశారు. ఎమ్మెస్సీకి యూనివర్సిటీ క్యాంపస్‌లో సీటు వచ్చింది. నాన్నగారు మాత్రం దగ్గర్లో ఏదైనా ఉద్యోగంలో చేరి పీజీ దూరవిద్యలో కట్టమంటున్నారు. "చివరికి చేతికొచ్చేది సర్టిఫికెట్టే కదా, క్యాంపస్‌లో ఉన్నంత మాత్రాన మనిషి లక్ష్యాలు, వ్యక్తిత్వం మారతాయా?" అని అడిగారు.

నేను యూనివర్సిటీలో చాలా ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను. కొంతకాలం హాస్టల్ వార్డెన్‌గా కూడా పనిచేశాను. నా జవాబు సూటిగా చెప్తాను. మారతాయి. కాకపోతే ఆ మార్పులో సిలబస్ వాటా తక్కువ, చుట్టూ ఉండే మనుషుల వాటా ఎక్కువ. ఇది తెలిసి వెళ్లిన పిల్లలు రెండేళ్లలో ఎంతో పోగుచేసుకుంటారు. తెలియని పిల్లలు క్లాసుకీ రూముకీ మధ్య తిరిగి, మార్కుల మెమోతో ఇంటికి వెళ్లిపోతారు. అందుకే ‘వెళ్లాలా వద్దా’ అన్నదానితో పాటు ‘వెళ్లి ఏం చేయాలి’ అన్నది కూడా రాస్తున్నాను. కొంచెం పొడవుగానే ఉంటుంది, ఓపికగా చదవండి.

అడ్మిషన్లు అయిన మొదటి వారంలో కొత్త బ్యాచ్‌ని "తర్వాత ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడగడం నాకు అలవాటు. ఏటా దాదాపు అవే జవాబులు వచ్చేవి. జూనియర్ లెక్చరర్, బ్యాంకు పరీక్ష, గ్రూప్స్, లేదంటే ఏదైనా ఫార్మా కంపెనీలో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ఉద్యోగం. ఇవేవీ చిన్న ఉద్యోగాలని నా ఉద్దేశం కాదు. పిల్లలకి ఆశ తక్కువని అంతకన్నా కాదు. డిగ్రీలో పాఠం చెప్పిన సార్, బ్యాంకులో చేరిన బాబాయి కొడుకు, జీడిమెట్లలోనో పరవాడలోనో షిఫ్టులు చేస్తున్న సీనియర్, వాళ్లు కళ్లారా చూసింది వీళ్లనే. చూడనిదాన్ని ఎవరైనా ఎలా కోరుకుంటారు?

నాలుగో సెమిస్టర్‌లో అదే ప్రశ్న మళ్లీ వేస్తే జవాబులు విడిపోయేవి. ఒకరు పేటెంట్ ఆఫీసులో ఎగ్జామినర్ పరీక్ష రాస్తామనేవారు, ఒకరు ఫోరెన్సిక్ ల్యాబ్ అనేవారు, ఇంకొకరు జర్మనీలో పీహెచ్‌డీకి ప్రొఫెసర్లకు మెయిళ్లు పెడుతున్నామనేవారు. మొదటి వారంలో లెక్చరర్ అవుతానన్న పిల్లే ఇప్పుడూ లెక్చరర్ అవుతానని చెప్పినా, ఎందుకో వివరించగలిగేది. ఈ ఉద్యోగాల గురించి మేము ఒక్క పాఠం కూడా చెప్పలేదు. క్యాంటీన్‌లో, ల్యాబ్ వరండాలో, హాస్టల్ మెట్ల మీద సీనియర్ల నోట విన్నవే అన్నీ.

సీనియర్ల గురించి కొంచెం ఆగి చెప్పాలి. మీ ఊళ్లో కూర్చుని ఫోన్‌లో చూసినా సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష గురించి తెలుస్తుంది. అందులో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధనకి ఇచ్చే ఫెలోషిప్, వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారని తెలుస్తుంది. కానీ అది మీకు సంబంధించిన విషయంగా అనిపించదు, ఎవరో బాగా తెలివైనవాళ్లు రాసే పరీక్ష అనుకుంటారు. క్యాంపస్‌లో అదే జేఆర్‌ఎఫ్ వచ్చిన అక్క మెస్‌లో మీ ముందు ప్లేటు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆమె కూడా తెలుగు మీడియంలోనే చదివింది. ఆమె నాన్న కూడా మీ నాన్నలాగే వ్యవసాయం చేస్తారు. మొదటిసారి ఫెయిలైంది, రెండోసారి లెక్చరర్‌షిప్ మాత్రమే వచ్చింది, మూడోసారి జేఆర్‌ఎఫ్ కొట్టింది. ఏ పుస్తకం చదివిందో, ఏ యూనిట్ వదిలేసిందో, పరీక్ష ముందు రోజు ఎంత టెన్షన్ పడిందో అన్నీ చెప్తుంది. అప్పుడు ఆ పరీక్ష మీ కొలతకి దిగివస్తుంది. మొదటి తరం చదువరులకి క్యాంపస్ ఇచ్చేవాటిలో దీన్నే నేను అన్నిటికన్నా పైన పెడతాను. తల్లిదండ్రులు చదువుకున్న ఇళ్లలో ఈ సమాచారం భోజనాల దగ్గరే దొరుకుతుంది. మనలాంటి ఇళ్లలో పుట్టినవాళ్లు దాన్ని బయటికి వెళ్లి తెచ్చుకోవాలి.

పెద్దవాళ్ల జీవితాల్లోనూ ఇలాగే జరిగింది. గణాంకశాస్త్రంలో ప్రపంచమంతా గౌరవించిన సి.ఆర్. రావు గారు 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. చేశారు. అప్పటికి ఆయన దారి స్టాటిస్టిక్స్ కాదు. సైన్యం సర్వే విభాగంలో గణితం తెలిసినవాళ్లు కావాలంటే ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ పరిచయమైన ఒక యువకుడు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నాడు. అతని ద్వారా ఆ సంస్థ గురించి తెలుసుకుని, వెళ్లి చూసి, 1941లో అందులో చేరారు. కొన్నేళ్లకు కలకత్తాలో పాఠం చెబుతుంటే ఒక విద్యార్థి సందేహం అడిగాడు. దానికి జవాబు వెతకడంలో తేలిన ఫలితం 1945లో అచ్చయింది. దాన్నే ఇవాళ క్రామర్–రావు బౌండ్ పేరుతో ప్రపంచమంతా పాఠంగా చెబుతున్నారు. 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది.

ఈ కథని అదృష్టం ఖాతాలో వేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. వాల్తేరులో, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, చదివిన గణితం చేతిలో లేకపోతే ఆ పరిచయం పరిచయంగానే మిగిలిపోయేది. చదువు మనిషిని సిద్ధం చేసింది, ఒక మనిషి దారి చూపించాడు. క్యాంపస్‌లో ఈ రెండూ ఒకేచోట దొరికే అవకాశం ఎక్కువ.

ఇక వ్యక్తిత్వం సంగతి. మన పిల్లలు ఇంటర్‌లో రెండేళ్లు ఎంసెట్ బిట్లు చేసి వస్తారు. ఇప్పుడు పేరు మారినా పద్ధతి అదే. ప్రతి ప్రశ్నకీ నాలుగు ఆప్షన్లు, ఒకటే కరెక్టు, అది సార్‌కి తెలుసు. డిగ్రీలో గైడ్లు చదివి ఆ అలవాటును ఇంకా గట్టి చేసుకుంటారు. హార్వర్డ్‌లో విలియం పెర్రీ అనే ఆయన విద్యార్థులతో ఏటా మాట్లాడుతూ వాళ్ల ఆలోచన ఎలా ఎదుగుతోందో పరిశీలించి 1970లో ప్రచురించాడు. చాలామంది ‘ప్రతిదానికీ ఒక సరైన జవాబు ఉంటుంది, అది పెద్దవాళ్ల దగ్గర ఉంటుంది’ అన్న నమ్మకంతో వస్తారట. కొన్నాళ్లకి ‘ఎవరి అభిప్రాయం వాళ్లది, అన్నీ సమానమే’ అంటారు. ఆ తర్వాతే, ఆధారాలు చూసి, పూర్తి భరోసా లేకపోయినా ఒక వైపు నిలబడి ‘నేను దీన్ని నమ్ముతున్నాను, ఇదీ కారణం’ అనే దశకి వస్తారు. అందరూ అక్కడిదాకా రారు. ఆయన మాట్లాడింది ఎక్కువగా అబ్బాయిలతో, అదీ అమెరికాలో ఒకే కాలేజీలో. అయినా నా క్లాసుల్లో నేను చూసిన వరస అదే.

కెమిస్ట్రీలో ఈ మార్పు ల్యాబ్‌లో మొదలవుతుంది. మెగ్నీషియంతో చేసే గ్రిగ్నార్డ్ చర్య గురించి డిగ్రీలో చదివే ఉంటారు. పరీక్షలో రెండు లైన్ల సమీకరణం రాస్తే మార్కులు పడతాయి. ఎమ్మెస్సీలో దాన్ని చేత్తో చేయబోతే మొదలే కాదు. మెగ్నీషియం ముక్కలు ఫ్లాస్క్ అడుగున అలాగే పడి ఉంటాయి. "ప్రొసీజర్ ప్రకారమే చేశాను సార్, రావట్లేదు" అంటూ పిల్లలు వస్తారు. మొహంలో భయం కనిపిస్తుంది, ఎందుకంటే ఇన్నాళ్లూ జవాబు రాకపోవడం అంటే చదవకపోవడమే. ఈథర్‌లో తేమ ఉందేమో, గాజు సామాను సరిగ్గా ఆరబెట్టలేదేమో, మెగ్నీషియం మీద పొర ఉందేమో, ఒక అయోడిన్ పలుకు వేసి చూద్దామా, ఇలా ఒక్కో కారణాన్నీ తీసేసుకుంటూ వెళ్లడం నేర్పుతాం. మొదటి సెమిస్టర్‌లో ఏడుపు మొహంతో వచ్చిన పిల్ల మూడో సెమిస్టర్‌కల్లా "సార్, ఇవాళ రాలేదు, సాల్వెంట్ మీద అనుమానంగా ఉంది, రేపు మళ్లీ డ్రై చేసి చూస్తాను" అంటుంది. ఆ వాక్యం విన్న రోజు నాకు ఎంతో సంతోషంగా ఉండేది. ఓటమిని తన విలువ మీద తీర్పులా కాకుండా వెతకాల్సిన కారణంలా చూడటం ఆ పిల్లకి వచ్చింది. ల్యాబ్ బయట కూడా అది పనికొస్తుంది. ఇంటర్వ్యూ పోయినప్పుడు, పెళ్లి సంబంధం తప్పిపోయినప్పుడు, వ్యాపారంలో నష్టం వచ్చినప్పుడు మనిషిని నిలబెట్టేది ఈ అలవాటే. దూరవిద్యలో దీన్ని నేర్చుకోవడం చాలా కష్టం. మీ సబ్జెక్టు చరిత్రో తెలుగో అయితే నేను ఇంత గట్టిగా చెప్పను.

హాస్టల్ నేర్పేది ఇంకో రకం. శ్రీకాకుళం అమ్మాయి, అనంతపురం అమ్మాయి, ఆదిలాబాద్ అమ్మాయి ఒకే గదిలో ఉంటారు. ఒకరి యాస ఒకరికి వింతగా ఉంటుంది. పండగలూ వంటలూ వేరు, కులమతాలు వేరు. ఫ్యాన్ దగ్గర, లైటు ఆర్పే టైము దగ్గర గొడవలు వస్తాయి. వార్డెన్ దగ్గరికి ఫిర్యాదులతో వచ్చినవాళ్లే ఏడాది తిరిగేసరికి ఒకరి ఇంటికి ఒకరు సంక్రాంతికో బతుకమ్మకో వెళ్లడం నేను చాలాసార్లు చూశాను. ఇంట్లో మన తరఫున మాట్లాడటానికి అమ్మ ఉంటుంది. హాస్టల్‌లో మన మాట మనమే చెప్పుకోవాలి, అదీ అవతలి వాళ్లు వినేలా. నెల డబ్బుల్ని మెస్ బిల్లుకి, జిరాక్సులకి, బస్సుకి పంచుకోవడం, జ్వరం వస్తే ఒంటరిగా ఆసుపత్రికి వెళ్లడం చిన్న విషయాల్లాగే కనిపిస్తాయి. కానీ ఇంట్లో నిర్ణయాలన్నీ ఇతరులు తీసుకుంటుండగా పెరిగిన అమ్మాయికి అవి చిన్నవి కావు.

ఇంగ్లీషు గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను, ఎందుకంటే తెలుగు మీడియం పిల్లల్ని మొదటి సెమిస్టర్‌లో కుంగదీసేది ఇదే. సెమినార్ ఇవ్వమంటే సబ్జెక్టు వచ్చినా నోరు పెగలదు. కార్పొరేట్ కాలేజీ నుంచి వచ్చినవాళ్లు గడగడా మాట్లాడుతుంటే తమకి తెలివే లేదనుకుంటారు. అది భాషకి సంబంధించిన ఇబ్బంది. తెలివితో దానికి సంబంధం లేదు. రోజూ ఒక పేజీ పైకి చదవడం, సెమినార్‌కి ముందు రూమ్మేట్ ఎదుట ఒకసారి చెప్పి చూడటం, తప్పు మాట్లాడినా ఆపకుండా ముగించడం, ఈ మూడూ చేసినవాళ్లు మూడో సెమిస్టర్‌కి తేరుకున్నారు. సిగ్గుతో వెనక బెంచీలో కూర్చుండిపోయినవాళ్లకి ఫైనలియర్ దాకా ఆ భయం పోలేదు.

క్యాంపస్‌లో ఉన్నంత మాత్రాన మారతామని మాత్రం అనుకోవద్దు. అమెరికాలో బెన్నింగ్టన్ అనే ఆడపిల్లల కాలేజీలో థియోడర్ న్యూకంబ్ 1930ల్లో చేసిన పరిశీలన ఒకటుంది. సంప్రదాయ భావాలున్న సంపన్న కుటుంబాల నుంచి వచ్చిన అమ్మాయిల రాజకీయ అభిప్రాయాలు పై తరగతులకి వచ్చేకొద్దీ చాలా మారాయి. పాతికేళ్ల తర్వాత మళ్లీ కలిసి చూస్తే ఆ మార్పు చాలామందిలో నిలిచే ఉంది. నన్ను ఆలోచింపజేసింది మాత్రం మారనివాళ్ల సంగతి. కాలేజీ జీవితంలో కలవకుండా తమ చిన్న గుంపుకో ఇంటికో అంటిపెట్టుకున్న అమ్మాయిల్లో పెద్దగా మార్పు రాలేదు. మన క్యాంపస్‌లలో కూడా ఒకే జిల్లావాళ్లు, ఒకే కులంవాళ్లు, ఒకే డిగ్రీ కాలేజీవాళ్లు కట్టగట్టుకుని ఒకే టేబుల్ దగ్గర తింటారు. కొత్తచోట మొదట్లో ఆ తోడు కావాలి, తప్పులేదు. రెండేళ్లూ ఆ టేబుల్ దగ్గరే గడిపితే మాత్రం మీ ఊళ్లో ఉన్నట్టే.

చెడు వైపు కూడా దాచకుండా చెప్పాలి. క్యాంపస్ ఆశని పెంచినట్టే, ఒక్కోసారి ఒకే దారిలోకి కుదించేస్తుంది. పెద్ద యూనివర్సిటీ లైబ్రరీ రీడింగ్ రూములకి వెళ్లి చూడండి. సొంత సబ్జెక్టు పుస్తకాలు చదివేవాళ్లకన్నా గ్రూప్స్, ఎస్సై, డీఎస్సీ పుస్తకాలు చదివేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. పీజీ అయిపోయినా హాస్టల్‌లో సీటు లేకుండా స్నేహితుల గదుల్లో నాన్‌బోర్డర్లుగా ఉండి చదివేవాళ్లున్నారు. వాళ్ల పట్టుదల మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ తెలంగాణ గ్రూప్-1 ఏమైందో చూడండి. 2022లో 503 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషన్నే తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఇందులో చదివిన పిల్లల తప్పు ఏమీ లేదు. కానీ రెండో దారి లేనివాళ్లు ఆ రెండేళ్లలో ఎంత నలిగిపోయారో దగ్గరుండి చూశాను. పక్కవాళ్లందరూ రాస్తున్నారని మీరూ రాయకండి. రాయాలనే ఉంటే ఎన్ని ప్రయత్నాలో ముందే అనుకుని, ఎమ్మెస్సీతో వచ్చే ఇంకో దారిని పక్కనే తెరిచి ఉంచుకోండి.

ఇంకొకటి చెప్పడానికి కష్టంగానే ఉంది. అందరికీ క్యాంపస్ ఒకేలా స్వాగతం పలకదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల 2016 జనవరిలో ప్రాణం తీసుకున్న తర్వాత క్యాంపస్‌లలో కుల వివక్ష గురించి దేశమంతా మాట్లాడింది. యూనివర్సిటీల్లో ఎస్సీ, ఎస్టీ సెల్ ఉంటుంది. 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలి. చేరిన మొదటి వారంలోనే ఈ రెండూ ఎక్కడున్నాయో, ఎవరిని కలవాలో తెలుసుకుని పెట్టుకోండి. ఎవరైనా కించపరిస్తే "సర్దుకుపో" అనే సలహా వినవద్దు. బాధ ఎక్కువైతే ఒంటరిగా మోయకుండా రూమ్మేట్‌కో, నమ్మకమున్న టీచర్‌కో, ఇంటికో చెప్పండి.

ఇంటితో దూరం గురించి మీరు రాసిన ఒక వాక్యం నన్ను ఆపింది. "నేను మారిపోయి వస్తానేమోనని అమ్మ భయపడుతోంది" అన్నారు. అమ్మ భయం నిజమే. మీరు మారతారు. సెలవులకి వచ్చినప్పుడు కొన్ని మాటలు ఇదివరకటిలా నచ్చవు, పెళ్లి మాట ఎత్తితే "ఇంకొన్నాళ్లు ఆగుదాం" అంటారు. ఆ సమయంలో చాలామంది పిల్లలు ఇంట్లో వాళ్లకి అర్థం కాదులే అని మాట్లాడటమే మానేస్తారు. అలా చేయకండి. ల్యాబ్‌లో ఏం చేశారో, ఏ సీనియర్ ఏమైందో అమ్మకి రోజూ ఫోన్‌లో చెప్పండి. కూతురి చదువు గురించి వింటూ ఉన్న తల్లి, రెండేళ్ల తర్వాత పీహెచ్‌డీ అంటే బెదిరిపోదు. ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు. సీటు వదిలేసుకుంటామని వచ్చిన అమ్మాయిల్లో ఆఖరికి చదువు ముగించినవాళ్లకి ఎక్కువగా వెనక నిలబడింది అమ్మలే.

దూరవిద్యని నేను తక్కువ చేయడం లేదు. 1982లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయమే దేశంలో మొట్టమొదటిది. ఉద్యోగం వదల్లేనివాళ్లు, పిల్లల్ని పెంచుతున్న తల్లులు ఎందరో దాని వల్ల డిగ్రీలు తెచ్చుకున్నారు. ఇంటి పరిస్థితి మీ జీతం మీదే ఆధారపడి ఉంటే అదే సరైన దారి, దిగులు పడనక్కర్లేదు. కానీ మీరు రాసినదాన్ని బట్టి డబ్బుకన్నా పంపడానికి భయమే ఎక్కువ అడ్డుగా ఉంది. అలాంటప్పుడు ఇరవై ఒక్కేళ్ల వయసులో వచ్చిన క్యాంపస్ సీటు వదలకూడదని నా గట్టి అభిప్రాయం. ఉద్యోగం రెండేళ్ల తర్వాత కూడా వెతుక్కోవచ్చు. రోజంతా చదువుకే ఇచ్చి, నలుగురి మధ్య ఉండే వీలు తర్వాత అంత సులువుగా రాదు.

వెళ్తే మొదటి ఏడాది ఏం చేయాలో కూడా చెప్తాను. మీ డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లలో కనీసం ఇద్దరితో పరిచయం పెంచుకోండి. శనివారాలు వాళ్ల ల్యాబ్‌లో ఒక మూల నిలబడి చూస్తానని అడిగితే చాలామంది కాదనరు. పదార్థాల్ని విడదీసి చూసే టీఎల్‌సీ ప్లేటు చదవడం, కాలమ్ నింపడం అక్కడే వస్తుంది. ఇతర డిపార్ట్‌మెంట్లలో జరిగే ఉపన్యాసాలకి కూడా వెళ్లండి. సగం అర్థం కాకపోయినా ఫర్వాలేదు. సైన్సు అకాడమీలు కలిసి ఏటా ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కి మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టండి. ఎంపికైతే దేశంలోని ఒక మంచి ల్యాబ్‌లో రెండు నెలలు పనిచేయవచ్చు, స్టైపెండ్ ఇస్తారు. మా పిల్లల్లో పరిశోధన వైపు తిరిగినవాళ్లలో చాలామందికి ఆ రెండు నెలలే మలుపు. హైదరాబాద్‌లో సీటైతే తార్నాకలోని కెమిస్ట్రీ పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉస్మానియా క్యాంపస్ పక్కనే ఉంటుంది. ఓపెన్ డే పెట్టినప్పుడు తప్పక వెళ్లి చూడండి.

నాన్నగారి విషయంలో నా సలహా ఒక్కటే. ఆయనతో వాదించకండి. ఫీజు కట్టే గడువు చూసుకుని, ఆలోగా ఒకరోజు ఆయన్ని క్యాంపస్‌కి తీసుకెళ్లండి. లేడీస్ హాస్టల్ చూపించండి, వార్డెన్ మేడమ్‌తో మాట్లాడించండి, రాత్రి ఎన్నింటికి గేటు వేస్తారో ఆయన్నే అడగనివ్వండి. మీ జిల్లా నుంచి వచ్చిన సీనియర్ అమ్మాయి ఒకరుంటే ఆమెతో పది నిమిషాలు కూర్చోబెట్టండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి మీరు అర్హులో కాదో, కులం, ఆదాయ సర్టిఫికెట్లు ఏ తేదీలోగా ఇవ్వాలో ఆఫీసులో అదే రోజు కనుక్కోండి. మెస్ ఖర్చు నెలకి ఎంత పడుతుందో హాస్టల్ పిల్లల్నే అడగండి, వాళ్లు చెప్పేదే అసలు లెక్క. ఆర్గానిక్, అనలిటికల్, ఫిజికల్‌లో ఏ స్పెషలైజేషన్ వచ్చిందో మీరు రాయలేదు. అది రాస్తే, దాన్ని బట్టి మొదటి సెమిస్టర్‌లో ఏ పుస్తకాలు పట్టుకోవాలో ఇక్కడే చెప్తాను.